బీటెక్ అవగానే నేరుగా ఐఐఎం: ఇప్పుడే రాయాలా, రెండేళ్లు ఆగాలా?

పత్తిచేను22
బీటెక్ నాలుగో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. కళాశాల హన్మకొండ శివారులో, ఊరు పరకాల దగ్గర. ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ పరీక్ష ఫారం సగం నింపి వదిలేశాను. కారణం మా మేనమామ. హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "ఒక్క రోజు ఉద్యోగం చేయకుండా మేనేజ్‌మెంట్ చదవడమంటే గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకోవడమే. రెండేళ్లు చెయ్యి, తరువాత చూద్దాం" అంటాడు. మా ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు.

నా సంగతులు: పదిలో 10 జీపీఏ, ఇంటర్‌లో 957, బీటెక్ ఇప్పటికి 8.1. మూడో సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ రాసి గట్టెక్కాను. మాక్ (నమూనా) పరీక్షల్లో 90కీ 93 పర్సంటైల్‌కీ మధ్య, అంటే నూటికి 90, 93 మంది నా వెనుక ఉండే చోట, ఊగుతున్నాను. ఒక కంపెనీ ఆఫర్ లెటరు ఇచ్చింది, ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. చేరే తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. మా సీనియర్లకూ అదే ఖాళీ ఇచ్చారు, కొందరు ఇంకా దాన్ని చూస్తూ కూర్చున్నారు.

నేరుగా వెళ్లినవాళ్లు, ఆగి వెళ్లినవాళ్లు, వెళ్లకుండా ఊరుకున్నవాళ్లు, ఎవరైనా సరే మీ అనుభవం చెప్పండి.

కాజీపేట_జంక్షన్
మీ మేనమామ చెప్పింది అక్షరాలా నిజం. ఉద్యోగంలో చేరితే జీతంతో పాటు తిట్లూ వస్తాయి. ఆ తిట్లే అసలు చదువు. నేను 2012లో చివరి సంవత్సరంలోనే రాశాను, 96 వచ్చింది. ఒక చోట ఇంటర్వ్యూకి పిలిచారు. "ఎంబీఏ ఎందుకు?" అని అడిగితే "నాయకత్వ లక్షణాలు పెంచుకోవడానికి" అన్నాను. ఎదుటివాళ్లు ఆవులించారు. నిజంగానే ఆవులించారు, అతిశయోక్తి కాదు.

జగిత్యాల_పసుపు
నాయకత్వం పెంచుకోవాలంటే సర్పంచ్ ఎన్నికల్లో నిలబడాలి గాని ఐఐఎం ఎందుకు?

గోదావరిఖని_మూడోషిఫ్టు
నేను నేరుగా వెళ్లినవాణ్ని. 2017లో చేరి 2019లో బయటపడ్డాను. నాన్న సింగరేణిలో ఫిట్టరు. కాబట్టి జంక్షన్ అన్న మాటతో నాకు పేచీ ఉంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. చివరి సంవత్సరం చదువుతున్నవాళ్లు క్యాట్ రాయవచ్చు, ఐఐఎంలో చేరవచ్చు, అందులో మినహాయింపూ లేదు, దయా లేదు. డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. చేరే నాటికి చివరి పరీక్షలన్నీ రాసేసినట్టు కళాశాల నుంచి పత్రం తేవాలి. ఆర్‌బీఐ మాజీ గవర్నర్ రఘురాం రాజన్ 1985లో ఢిల్లీ ఐఐటీ ముగించి 1987లో అహ్మదాబాద్ ఐఐఎం నుంచి బయటికి వచ్చారు. మధ్యలో రెండేళ్ల ఉద్యోగం ఎక్కడ ఇరికించారో మీ మేనమామనే లెక్క వేయమను.

కష్టం ఎక్కడ తగిలిందో కూడా చెప్తాను. అకౌంటింగ్ క్లాసులో వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం రోజూ నడవడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు) అంటే నాకు పరీక్ష ప్రశ్న. పక్క కుర్చీలో కూర్చున్నవాడు మూడేళ్లు ఒక సిమెంటు కంపెనీలో చేసి వచ్చాడు. వాడికి అది నెలాఖరులో డీలర్లకు ఫోన్లు చేసి డబ్బు రాబట్టడం. ఇద్దరం ఒకే పుస్తకం చదివేవాళ్లం, వాడికి కనిపించింది నాకు కనిపించేది కాదు. మొదటి టర్మ్ అంతా నోరు విప్పలేదు. అయితే జూన్‌లో చేరితే దసరా దీపావళి దాటేలోపే వేసవి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు. అక్కడ వాడూ నేనూ ఒకే వరసలో నిలబడ్డాం.

కాజీపేట_జంక్షన్
రాజన్ గారి పేరు తెస్తే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. కాని తమ్ముడూ, ఆయనది ఐఐటీలో బంగారు పతకం స్థాయి. మనది మూడో సెమిస్టర్‌లో ఒకటి తప్పిన స్థాయి. కోపం తెచ్చుకోకు పత్తిచేనూ, నాకు రెండు తప్పాయి.

పత్తిచేను22
కోపం ఏమీ లేదన్నా. పైగా ధైర్యం వచ్చింది.

లెక్కల_మాస్టారు
ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఇప్పుడు మా వీధి పిల్లలకు ఐసెట్ (మన రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష), క్యాట్ లెక్కలు సరదాగా చెప్తుంటాను. 93 దగ్గర ఊగడం గురించి ఒక మాట.

మన పిల్లలకు మొదట తెలిసేది ఐసెట్. చాలా ఏళ్లు దాన్ని మన కాకతీయ విశ్వవిద్యాలయమే నిర్వహించింది కూడా. రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు, తప్పు రాస్తే పోయేది ఏమీ లేదు. చీకట్లో రాయి విసరవచ్చు. క్యాట్‌లో ఒప్పుకు మూడు మార్కులు, తప్పుకు ఒకటి కోత. విసిరిన రాయి తిరిగొచ్చి మన నెత్తినే పడుతుంది. జవాబు మనమే టైపు చేయాల్సిన ప్రశ్నలకు మాత్రం కోత లేదు, అక్కడ ఖాళీ వదిలిపెట్టిన పిల్లవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. లెక్కల్లో మిగిలిన సమయం ఇంగ్లీషుకు వాడుకుందామంటే కుదరదు. మనవాళ్లు లెక్కల్లో 99 తెచ్చుకుని ఇంగ్లీషులో 70 దగ్గర కూలబడతారు. మొత్తం పర్సంటైల్ బాగున్నా విభాగం కటాఫ్ దాటకపోతే పిలుపు రాదు. బాబూ, నీ 93లో ఇంగ్లీషు ఎంత?

పత్తిచేను22
78, 81, 74 మాస్టారూ. అడుగుతారనే భయపడ్డాను.

లెక్కల_మాస్టారు
అనుకున్నాను. రోజూ ఒక పెద్ద ఇంగ్లీషు వ్యాసం చదువు. నీకు నచ్చని విషయం మీద చదువు. పరీక్షలో వచ్చేవి అవే.

జగిత్యాల_పసుపు
మాస్టారూ, నచ్చని విషయమంటే ఉద్యోగంలో చేరాక వచ్చే ఈమెయిళ్లు చదివితే సరిపోతుంది కదా. ఈ లెక్కన మేనమామదే గెలుపు.

వడ్డేపల్లి_చెరువు
నేను రెండు రకాలుగానూ ప్రయత్నించాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటిసారి 2018లో, డిగ్రీ చివరి ఏడాదిలో. నాన్న ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నెల రోజులు రెపో రేటు, జీడీపీ, బడ్జెట్ అన్నీ బట్టీ పట్టాను. లోపల ముగ్గురు ఉన్నారు. వాళ్లలో పెద్దాయన నా ఫారం చూసి, "మీ నాన్నగారు మిర్చి మార్కెట్లో పని చేస్తారా? పొద్దున ధర ఎలా నిర్ణయమవుతుంది?" అన్నారు. "వేలంలో సార్" అన్నాను. "మొదట పలికిన ధర మిగతా బస్తాలన్నిటికీ వస్తుందా?" అన్నారు. "వస్తుంది సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, పక్కాయన వైపు చూశారు. రెపో రేటు ఎవరూ అడగలేదు. సీటు రాలేదు.

ఇంటికొచ్చి చెప్తే నాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. పొద్దున జెండా పాట అని ఒకటి ఉంటుంది. ఆ రోజు యార్డుకు వచ్చిన వాటిలో మేలైన సరుకు మీద పాట పెడతారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధర. ఆ తరువాత ఖరీదుదారులు వరసగా బస్తాల దగ్గరికి వెళ్లి, కాయ తీసి, విరిచి, రంగు చూసి, గుప్పిట్లో నలిపి తేమ చూసి, ఒక్కో రాశికి ఒక్కో ధర చెప్తారు. తాలు కాయ ఎక్కువ ఉంటే ధర సగానికి సగం. జెండా పాట విని ఆశగా వచ్చిన రైతు చేతికి అందులో ఎంత వస్తుందో తెలియాలంటే సాయంత్రం దాకా ఆగాలి. ఇరవై ఒక్క ఏళ్లు ఆ మార్కెట్ డబ్బుతో అన్నం తిని, నాకు ఆ మాత్రం తెలియదు.

తరువాత హైదరాబాద్‌లో రెండేళ్లు బీమా క్లెయిముల కంపెనీలో చేసి మళ్లీ రాశాను. ఈసారి సీటు వచ్చింది. అందరూ "చూశావా, అనుభవం వల్లే" అన్నారు. కాని ఇంటర్వ్యూలో వాళ్లు నా ఉద్యోగం గురించి అడిగింది మూడు నిమిషాలు. మిగతా పావుగంటా మిర్చే. ఆ రెండేళ్లలో ఊరికి వచ్చినప్పుడల్లా యార్డు పని దినం చూసుకుని నాన్నతో వెళ్లేదాన్ని. అక్కడే నిలబడి ఏది ఎందుకు జరుగుతోందో అడిగేదాన్ని. నాకు పనికొచ్చిన అనుభవం అది. దానికి ఆఫర్ లెటరు అక్కర్లేదు, చేరే తేదీ కూడా అక్కర్లేదు.

గోదావరిఖని_మూడోషిఫ్టు
అక్కా, ఇది ఎక్కడైనా దాచి పెట్టుకోవాల్సిన పోస్టు.

కాజీపేట_జంక్షన్
నాయకత్వ లక్షణాలు అన్నవాణ్ని ఇప్పుడు ఎక్కడ దాక్కోమంటారు?

కరీంనగర్_కమాన్
ఒక సంస్థలో నియామకాలు చూస్తాను, బిజినెస్ స్కూళ్లకూ వెళ్తుంటాను. పైన అందరూ సీటు గురించే మాట్లాడుతున్నారు, తరువాతి సంగతి ఎవరూ చెప్పడం లేదు.

బాగా చేసినవాళ్లు నేరుగా వచ్చినా అనుభవంతో వచ్చినా మంచి ఉద్యోగాలు తెచ్చుకుంటారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఏడాదిన్నర చేసి వచ్చినవాళ్లు ఒక్కో గదిలో ఇరవై మంది ఉంటారు. అందరూ అదే ప్రాజెక్టు కథ చెప్తారు, నాకు కంఠతా వచ్చేసింది. అలాంటి అనుభవం కోసం రెండేళ్లు ఆగడం దండగ. కాని అమ్మకాల్లో, కర్మాగారంలో, బ్యాంకు శాఖలో చేసి వచ్చినవాళ్ల మాట వేరు. నిజమైన కస్టమర్‌తో ఒకసారి గొడవపడి ఉంటారు, అది ముఖంలోనే తెలుస్తుంది.

పనికి మార్కులు వేసే ఐఐఎంలు ఉన్నాయి. బెంగళూరు ఐఐఎం పని అనుభవానికి మార్కులు వేస్తుంది, పదో తరగతి మార్కులను కూడా వదలదు. మన కుర్రాడికి పది పాయింట్లు ఉన్నాయి కాబట్టి అక్కడ కొంత కలిసొస్తుంది.

జగిత్యాల_పసుపు
2020 బ్యాచ్ కదా? పరీక్షలు మధ్యలో రద్దయి అందరినీ పాస్ చేసిన బ్యాచ్? కరోనా పది అన్నమాట!

పత్తిచేను22
అవునన్నా, ఆ బ్యాచే. కాని స్కూల్లో పెట్టిన పరీక్షల మార్కులతో వేసిన గ్రేడు అది. అవి నేనే రాశాను. కరోనా రాయలేదు.

జగిత్యాల_పసుపు
ఈ జవాబు ఇంటర్వ్యూలో కూడా ఇలాగే చెప్పు. సీటు ఖాయం.

అట్లాంటా_నుంచి
పరకాలే మాదీ. ఇక్కడి సంగతి ఎవరూ రాయలేదు. అమెరికాలో పేరున్న ఎంబీఏలకు సాధారణంగా నాలుగైదేళ్ల అనుభవంతో వస్తారు. అయినా కళాశాల చివరి ఏడాదిలోనే దరఖాస్తు చేసే దారి ఒకటి ఉంది. హార్వర్డ్‌లో దాన్ని టూ ప్లస్ టూ అంటారు. ఇప్పుడు సీటు ఇస్తారు, కనీసం రెండేళ్లు ఉద్యోగం చేసి అప్పుడు వచ్చి చేరాలి. స్టాన్‌ఫర్డ్, వార్టన్, ఎంఐటీ, షికాగోలలోనూ ఇటువంటివి ఉన్నాయి. నీ సమస్య దీంతో సగం తీరుతుంది. ఇప్పుడే రాశానని నీకూ తృప్తి, ఉద్యోగం చేస్తాడని మేనమామకూ తృప్తి. అక్కడి ఎంబీఏలకు రాసే జీమ్యాట్ పరీక్ష స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. క్యాట్ స్కోరు ఒక్క ఏడాదికే, గుర్తుపెట్టుకో.

ఖర్చు మాత్రం గుండె దిటవు చేసుకుని చదువు. ఫీజు, ఉండటం, తిండి అన్నీ కలిపి ఏడాదికి లక్ష డాలర్ల పైమాటే. అవసరాన్ని బట్టి స్కాలర్‌షిప్పులు ఇస్తారు. మన రాష్ట్రంలో బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, ఎస్సీ ఎస్టీలకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. కుటుంబ ఆదాయ పరిమితి ఉంటుంది.

కాజీపేట_జంక్షన్
ఇంగ్లీషు విభాగంలో 74 తెచ్చుకున్నవాడికి హార్వర్డ్ వ్యాసం రాయమంటున్నారు. అట్లాంటాలో ఎండలు ఎక్కువగా ఉన్నాయా?

అట్లాంటా_నుంచి
నువ్వు 96 తెచ్చుకుని ఆవులింతలు తెచ్చుకున్నావు. వాడు 74తో ఏం తెచ్చుకుంటాడో చూద్దాం.

ఓరుగల్లు_నిర్వాహకుడు
ఇద్దరూ ఆపండి. అలాగే, మధ్యలో ఎవరో "99 పర్సంటైల్ గ్యారంటీ" అంటూ ఫోను నంబరుతో పోస్టు పెట్టారు, తీసేశాను. కోచింగ్ ప్రకటనలకు ఇక్కడ చోటు లేదు.

గచ్చిబౌలి_బస్సు
దూరం ఎందుకు, హైదరాబాద్ ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూలు గురించి ఎవరూ ఎత్తలేదు. 2001లో మొదలైంది. అక్కడి ఏడాది పీజీపీకి (ఎంబీఏ లాంటి కోర్సు) కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు, జీమ్యాట్ లేదా జీఆర్ఈ పరీక్ష స్కోరు ఉండాలి. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి యంగ్ లీడర్స్ అనే దారిలో కళాశాలలో ఉండగానే సీటు ఖాయం చేసుకుని, ఉద్యోగం చేసి వచ్చింది. రెండేళ్లూ ఆమె ఎంత ప్రశాంతంగా పని చేసిందో! మేమేమో ఆఫీసు బాత్రూములో పదాల జాబితా చదువుకునేవాళ్లం.

పత్తిచేను22
అందరికీ కృతజ్ఞతలు. అసలు విషయం నేను మొదట రాయలేదు. రాయడానికి సిగ్గేసింది.

మాకు నాలుగెకరాలు, పరకాలలో చిన్న ఎరువుల కొట్టు. నాన్న అడ్డు చెప్పలేదు. "చదువుతానంటే చదివిస్తాను. ఎంత అవుతుందో ఒక్కసారి చెప్పు" అన్నారు. అహ్మదాబాద్ ఫీజే పాతిక లక్షలు దాటింది. ఆ మాట అనడానికి మూడు సార్లు కొట్టుకు వెళ్లాను. ఒకసారి యూరియా లోడు దిగుతోంది. ఒకసారి ఎవరో పాత బాకీ గురించి వాదిస్తున్నారు. మూడోసారి ఖాళీగానే ఉన్నారు, నేనే టీ తాగి వచ్చేశాను. మేనమామ సాకు దొరికింది కాబట్టి దాని వెనుక దాక్కున్నానేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

వడ్డేపల్లి_చెరువు
ఇదీ అసలు ప్రశ్న. మేనమామ చెప్పిన గట్టు మీది ఈత కాదు.

గోదావరిఖని_మూడోషిఫ్టు
తమ్ముడూ, లెక్క విను. నేను 15 లక్షలు అప్పు తీసుకున్నాను. ఈ రోజుల్లో 20 లక్షలు తీసుకుంటే, చదివే రెండేళ్ల వడ్డీ కలిసి, తొమ్మిది శాతం చొప్పున పదేళ్లకు నెలకు ముప్పై వేల దరిదాపు కట్టాలి. మంచి సంస్థ నుంచి వస్తే కట్టగలవు. మూడు లక్షల అరవై వేల ఉద్యోగంలో ఉంటే నీ జీతమే నెలకు ముప్పై వేలు. పోల్చుకో.

పేరున్న ఐఐఎంలకు బ్యాంకులు తాకట్టు లేకుండానే ఇస్తాయి. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం తెలిపింది. పథకం పరిధిలోని సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ. మా రోజుల్లో ఇది లేదు. మా ఊరి శాఖలో మేనేజరు ముందు క్వార్టరు కాగితాలు అడిగాడు. అది సింగరేణి వారిదని చెప్తే, "మరి మీకు ఏముంది?" అన్నాడు. నాన్న నా అడ్మిషన్ కాగితం బల్ల మీద పెట్టి "ఇది ఉంది" అన్నారు. ఆ శాఖలో పని కాలేదు, వేరే శాఖకు వెళ్లాం. కాని ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

లెక్కల_మాస్టారు
ఫీజు అంటే అహ్మదాబాద్ ఒక్కటే కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంట్ విభాగం ఎఫ్ఎంఎస్ కూడా క్యాట్ స్కోరుతోనే తీసుకుంటుంది. అక్కడ ఫీజు అందులో సుమారు పదో వంతు. పోటీ మాత్రం భయంకరం. విశాఖ ఐఐఎం 2015లో వచ్చింది, కాజీపేటలో రాత్రి రైలెక్కితే పొద్దుటికి అక్కడ ఉంటావు.

రైతు_నాన్న
నేను ఇక్కడ ఎక్కువగా రాయను, మిర్చి తెగుళ్ల చర్చలు చూడటానికి వస్తాను. శీర్షిక చూసి ఆగాను.

మా అబ్బాయి కూడా నాకు చెప్పలేదు. ఖర్చు ఎక్కువని వాడే అనుకుని, వాడే వద్దనుకుని, వాడే ఉద్యోగంలో చేరాడు. నాలుగేళ్ల తరువాత ఒక పెళ్లిలో వాడి స్నేహితుడు నోరు జారితే తెలిసింది, సీటు వచ్చి వదులుకున్నాడని. డబ్బు పుట్టేదో లేదో నేను చెప్పలేను. బహుశా పుట్టేది కాదు. కాని లేదు అనే మాట నేను చెప్పాల్సింది. వాడు నా బదులు చెప్పేశాడు. బాబూ, మీ నాన్నను ఆ లెక్క చూడనివ్వు.

వడ్డేపల్లి_చెరువు
(ఏం రాయాలో తెలియడం లేదు. చదివానని చెప్పడానికే ఇది.)

కాజీపేట_జంక్షన్
నా మొదటి పోస్టు సగం వెనక్కి తీసుకుంటున్నాను. రెండేళ్లు ఆగినా తప్పు లేదు, ఇప్పుడే రాసినా తప్పు లేదు. కాని రాయకుండా ఆగడం మాత్రం ఆగడం కాదు. నవంబరు చివరి ఆదివారం వెళ్లి రాసెయ్యి. పిలుపు రాకపోతే ఆ ఖాళీ తేదీ ఉద్యోగం ఎలాగూ నీ కోసం అక్కడే ఖాళీగా ఉంటుంది.

జగిత్యాల_పసుపు
అవును. పసుపు బోర్డు కోసం మేము 2025 దాకా ఆగాం. అంత ఓపిక అందరికీ ఉండదు.

కరీంనగర్_కమాన్
ఒక ఆచరణ విషయం. పత్తిచేనూ, ఓబీసీ కోటాలో వేస్తున్నావా? అయితే పత్రం ఇప్పుడే చూసుకో. మన మీసేవలో సాధారణంగా వచ్చేది రాష్ట్ర బీసీ కుల ధ్రువీకరణ, ఏ, బీ, సీ, డీ లాంటి గ్రూపులతో. ఐఐఎంలకు అది పనికిరాదు. కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ ఓబీసీ పత్రం, అంటే కుటుంబ ఆదాయం పరిమితి లోపే ఉందని చెప్పేది, కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో కూడా ఉండాలి. 8 లక్షల పరిమితి చూసేటప్పుడు వ్యవసాయ ఆదాయం కలపరు, మీ ఎరువుల కొట్టు ఆదాయం కలుపుతారు. అన్నీ ఉండి ఈ ఒక్క కాగితం దగ్గర జారిపోయినవాళ్లను ఏటా చూస్తున్నాను.

పత్తిచేను22
కుల పత్రం ఉందన్నా, ఇంటర్‌లో తీసుకున్నది. దాని సంగతి తరువాత చూస్తాను. ముందు కొట్టుకు వెళ్తున్నాను.

జగిత్యాల_పసుపు
టీ తాగి వచ్చేయకు.

పత్తిచేను22
నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. చెప్పాను.

కొట్టు మూసే వేళకు వెళ్లాను. "పాతిక లక్షలు నాన్నా" అన్నాను. ఆయన క్యాలిక్యులేటరు తీయలేదు. బిల్లు పుస్తకం వెనుక అట్ట మీద పెన్నుతో రాశారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, నెలకు ఎంత, అన్నీ అడిగి రాసుకున్నారు. మూడోషిఫ్టు అన్న చెప్పిన ముప్పై వేలు చెప్పాను. కాసేపు చూసి, "ఇది నువ్వు కట్టేదేనా, నేను కట్టేదా?" అన్నారు. "నేనే" అన్నాను. "మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అని షట్టర్ దించారు. దారిలో స్కూటరు మీద మళ్లీ, "సీటు రాకపోతే పరీక్ష ఫీజే కదా పోయేది" అన్నారు. మేనమామకు ఆయనే ఫోను చేశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మామ నుంచి మాత్రం ఇంగ్లీషు వ్యాసాల లింకులు రోజుకు మూడు వస్తున్నాయి.

ఇంకొకటి, అక్కా. కొట్టు గల్లాపెట్టె దగ్గర ఒక బాకీ పుస్తకం ఉంటుంది, చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో మీకు ఎలా తెలుస్తుందని మొదటిసారి అడిగాను. "ఎకరాలు చూసి ఇవ్వను. పోయిన ఏడాది పత్తి అమ్మిన రోజున ఇంటికి వెళ్లే ముందు నా దగ్గర ఆగాడా లేదా, అది చూసి ఇస్తాను" అన్నారు.

వడ్డేపల్లి_చెరువు
నీ ఇంటర్వ్యూ అయిపోయింది పో.

గోదావరిఖని_మూడోషిఫ్టు
నాకు వర్కింగ్ క్యాపిటల్ ఇంత బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
ఇంగ్లీషు ఎంత వచ్చింది?

పత్తిచేను22
నిన్నటి మాక్‌లో 83 మాస్టారూ. ఫారం కూడా పూర్తి చేశాను. కేంద్రాలుగా వరంగల్, కరీంనగర్, హైదరాబాద్ పెట్టాను. చివర్లో పత్రం అప్‌లోడ్ దగ్గర ఆగింది.

కరీంనగర్_కమాన్
పైన భారత ప్రభుత్వం అన్న మాట ఉందా? క్రీమీలేయర్ ప్రస్తావన ఉందా?

పత్తిచేను22
లేదన్నా. బీసీ డీ అని ఉంది.

కరీంనగర్_కమాన్
చెప్పానా లేదా?

పత్తిచేను22
చెప్పారు. మీసేవ ముందు వరసలో నిలబడే రాస్తున్నాను. నా ముందు పదకొండు మంది ఉన్నారు, సర్వరు పని చేయడం లేదట.

జగిత్యాల_పసుపు
మంచిదే. ఒక ఇంగ్లీషు వ్యాసం తెరిచి చదువుకో.